నాలుగంగుళాల కత్తిని తల్వారుతో జమకట్టకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక ఉత్తరాల శీర్షికలో నెల్లూరు టౌను పాఠకుడొకరు కత్తుల గురించి రాసింది చదివాను. హంటింగ్ నైఫ్ అని పేరు పెట్టి ఆన్‌లైన్‌లో ఎవరికి పడితే వాళ్లకు కత్తులు అమ్ముతున్నారని, కాలేజీ పిల్లలు కూడా తెప్పించుకుంటున్నారని ఆయన బాధపడ్డారు. అంతవరకు నేనూ ఆయన పక్షమే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. మడవడానికి వీల్లేని కత్తి ఏదైనా సరే ఇంటి గడప దాటకుండా చట్టం తేవాలన్నారు. వంటగది బయట అలాంటి కత్తితో ఎవరికీ పని ఉండదని, ఉంటే అది మంచి పని అయ్యుండదని తేల్చేశారు. ఆ చివరి మాటకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమూ వచ్చింది. అది చదివేటప్పటికి అలాంటి కత్తి నా నడుముకే ఉంది మరి.

నాది పొదలకూరు మండలం. నిమ్మతోట మీద బతికే కుటుంబం. మా ఆయన పోయాక పిల్లలు బెంగళూరు వచ్చేయమన్నారు గానీ, తోట కౌలుకిచ్చి ఫ్లాటులో కూర్చోవడం నా వల్ల కాదని ఇక్కడే ఉండిపోయాను. పాదులు, నీళ్లు, మందులు, కోత కూలీలు, మార్కెట్టు, అన్నీ నేనే చూసుకుంటాను. తోటలోకి పోయేటప్పుడు చీర మీద మా ఆయన పాత చొక్కా తొడుక్కుని, నడుముకు బెల్టు బిగించి, దానికి తోలు ఒరలో సూరకత్తి తగిలించుకుంటాను. అలుగు, అంటే కోసే ఇనుప భాగం, నాలుగంగుళాలు. వెడల్పు అంగుళం లోపే. కీలు లేదు, బటన్ లేదు, స్ప్రింగు లేదు. ఒకటే ఇనుప ముక్క, దానికి చెక్క పిడి.

వేట సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఆ పాఠకుడు అక్కడే పట్టుకుంటారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో సవరించి దాన్ని ఇంకా బిగించారు. ఇప్పుడు కుందేలును కొట్టినా కేసే, కొట్టకూడదు కూడా. కాబట్టి వేటాడటానికి నాకు కత్తి అక్కర్లేదు. అయితే వేటగాళ్లు తరతరాలుగా వాడి వాడి తేల్చుకున్న కొలతలు మాత్రం రైతు పనికి అచ్చంగా సరిపోతాయి. వేటగాడు కత్తితో జంతువును చంపడు, దానికి అతని దగ్గర వేరే సాధనం ఉంటుంది. కత్తి పని ఆ తర్వాత మొదలవుతుంది. తోలు ఒలవాలి, కీలు దగ్గర కోయాలి, తాడు తెంచాలి, పుల్ల చెక్కాలి. ఇవన్నీ వేళ్ల కొసన జరిగే పనులు. అలుగు పొడుగైతే మొన ఎక్కడ తిరుగుతోందో చేతికి తెలియదు. అందుకే పని తెలిసిన వేటకత్తులు పొట్టిగా ఉంటాయి.

1991లోనే ఆల్ప్స్ కొండల మంచులోంచి 5,300 ఏళ్ల నాటి మనిషి శవం బయటపడింది. ఆయన దగ్గర చెట్లు నరకడానికి రాగి గొడ్డలి ఉంది. దాంతోపాటు చెకుముకి రాయితో చేసిన చిన్న కత్తి ఉంది, దానికి చెక్క పిడి, నారతో అల్లిన ఒర. ఆ కత్తి పిడితో కలిపి కొలిచినా జానెడు లేదు. గొడ్డలి ఉన్న మనిషికి కూడా విడిగా చిన్న కత్తి కావలసి వచ్చిందంటే, ఆ పాఠకుడు చెప్పినట్టు అది పనిలేని వస్తువు అవుతుందా?

నా పని చెబుతాను. నిమ్మకు బంక తెగులు ఎంత చేటు తెస్తుందో మన జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. చెట్టు మొదట్లో నీళ్లు నిలిస్తే ఫైటాఫ్తొరా అనే, శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి పట్టుకుంటుంది. బెరడు పగిలి తేనెరంగు బంక కారుతుంది. ఆకు పసుపు తిరుగుతుంది, ఆ వైపు కొమ్మలు ఎండుకుంటూ వస్తాయి. అందుకే మొదలుకు నీరు తగలకుండా చుట్టూ రెండు వలయాల గట్లుండే డబుల్ రింగ్ పాదులు చేసుకోమని చెబుతారు. పాదులు ఎంత బాగా చేసినా వానలు ఎక్కువైన ఏడాది కొన్ని చెట్లకు తప్పదు. అప్పుడు చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, తెగులు సోకిన బెరడంతా గీకి తీసేయాలి.

ఇది చూడటానికి తేలిక, చేస్తే తెలుస్తుంది. చెడిన బెరడు గోధుమరంగులో, తడితడిగా ఉంటుంది. వాదర, అంటే కత్తి పదునంచు, ఆనించి లాగితే మెత్తగా, పీచుపీచుగా ఊడొస్తుంది. మంచి బెరడు దగ్గరికి రాగానే చేతికి తేడా తెలుస్తుంది. కత్తి కింద చిన్నగా కరకరమంటుంది, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు కనిపిస్తుంది. అక్కడ ఆగిపోవాలి. తక్కువ గీకితే తెగులు మిగిలిపోతుంది, ఎక్కువ గీకితే చెట్టుకు మనమే పుండు పెట్టినట్టు. చూపుడువేలు కత్తి వెన్ను మీద పెట్టి, బొటనవేలు చెట్టుకు ఆనించి, కాస్త కాస్తగా లాగాలి. ఈ పనికి కొడవలి పెడితే దాని వంపు అడ్డొస్తుంది. మచ్చుకత్తి బరువు, గీకబోతే నరుకుతుంది. షేవింగ్ బ్లేడు రెండు గీతలకే విరుగుతుంది. నా కత్తి మొన దగ్గర వెన్ను కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. తోలు ఒలిచేటప్పుడు మొన పేగులకు గుచ్చుకోకూడదని వేటకత్తులకు పెట్టిన వాలు అది. అమెరికాలో రాబర్ట్ లవ్‌లెస్ అనే కత్తుల తయారీదారు దాన్ని బాగా వాడుకలోకి తెచ్చాడట. నా చెట్ల విషయంలో ఆ వాలు వల్ల మొన లోపలి కర్రలోకి దిగబడదు. ఎవరి మేలు కోసం ఎవరు కనిపెట్టారో గానీ, లాభపడింది మాత్రం నా నిమ్మచెట్లు.

గీకిన చోట బోర్డో పేస్టు పూస్తాం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. రెండూ వేరువేరు ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, ఆ తర్వాత ఒకటి చేయాలి. సున్నం మంచిది కాకపోతే ఆ కొలత సరిపోదు, పేస్టు చెట్టును కాలుస్తుంది. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పాతకాలపు పరీక్ష ఒకటుంది. శుభ్రంగా తుడిచిన ఇనుప కత్తిని అందులో ముంచి కాసేపు ఉంచి తీయాలి. అలుగు మీద ఎర్రటి పొర పడితే అది మైలుతుత్తంలోంచి వచ్చిన రాగి. ఇంకొంచెం సున్నం కలపాలి. ఏ పొరా పడకుండా అలుగు ఎట్లా వెళ్లిందో అట్లాగే బయటికొస్తే పేస్టు సిద్ధం. తళతళలాడే స్టెయిన్‌లెస్ చాకును ఈ పరీక్షకు నమ్మలేం, మామూలు ఉక్కు కత్తే కావాలి. అంటే నా నడుముకున్న సూరకత్తి ఒక చెట్టుకు కోత పరికరం, పేస్టుకు పరీక్ష పరికరం. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయే ముందు స్పిరిట్ గుడ్డతో తుడుస్తాను, లేకపోతే తెగులును నేనే మోసుకెళ్లిన దాన్నవుతాను.

ఇక మడతచాకు చాలదా అన్న ప్రశ్న. ఆ పాఠకుడే కాదు, మా అబ్బాయి కూడా అడిగాడు, ఒకటి కొనిచ్చాడు కూడా. పండ్లు కోసుకోవడానికి, మందు ప్యాకెట్లు చింపడానికి బాగానే ఉంది. బెరడు గీకడానికి పెట్టేసరికి బంక కీల్లోకి దిగి గట్టిపడింది. తెరవాలంటే గోళ్లు విరిగేటట్టు అయ్యింది, సూదితో తవ్వి కిరోసిన్ పోసి కడగాల్సొచ్చింది. ఇంకో చిక్కేమంటే మడత కత్తికి రెండు చేతులూ కావాలి. ఒంటిచేత్తో తెరిచేవి ఉన్నాయి, నిజమే. తడి చేత్తో, బురద చేత్తో వాటిని తెరిచి చూపిస్తే ఒప్పుకుంటాను. పని మధ్యలో లాకు జారితే అలుగు మూసుకునేది మన వేళ్ల మీదే.

పోయిన కార్తీకంలో జరిగింది చెబుతాను. పక్క తోటవాళ్ల చూడి బర్రె కాలువ గట్టున మేస్తా జారి బురదలో పడింది. “పెద్దమ్మా, బిరీన రా, బర్రె మునిగిపోతా ఉండాది!” అని వాళ్ల పిల్లోడు అరుచుకుంటూ వచ్చాడు. పోయి చూస్తే నైలాన్ పలుపు మెడకూ ముందరి కాలికీ కలిపి చుట్టుకుపోయింది. బర్రె లేవబోయినప్పుడల్లా కాలు తాడును లాగుతోంది, మెడ దగ్గర బిగుసుకుంటోంది. నోట్లోంచి నురగ, కళ్లు తేలేసింది. పిల్లోడు ఒక చేత్తో కొమ్ము పట్టుకుని తల నీళ్లలోకి పోకుండా ఆపుతున్నాడు. వాడి జేబులో మడతచాకు ఉంది, కానీ దాన్ని తెరవడానికి రెండో చెయ్యి ఏదీ? ఇంట్లోంచి కొడవలి పట్టుకొచ్చారు. పెనుగులాడే పశువు మెడ దగ్గర కొడవలి ఎక్కడ పెడతాం? నేను బురదలో దిగి, కత్తి వెన్ను బర్రె చర్మానికి ఆనించి, వాదర పైకి పెట్టి, తాడు కిందికి దూర్చి బయటికి లాగాను. తెగింది. చర్మం మీద గీత కూడా పడలేదు. మొండి వెన్ను ఉన్న పొట్టి కత్తి కాబట్టే అలా దూర్చడానికి కుదిరింది. రెండువైపులా పదునున్న బాకైతే నేను తాకేదాన్ని కూడా కాదు. ఆ బర్రె పెయ్యదూడను వేసింది, ఇప్పుడు మాకు పాలు వాళ్ల దగ్గరే.

గొర్రెలు కాసేవాళ్లను అడగండి. వానాకాలంలో గిట్టలు పెరిగి లోపల బురద ఇరుక్కుంటే కుళ్లు పడుతుంది, దాన్ని చెక్కేది ఇలాంటి కత్తితోనే. మైపాడు వైపు పడవల మీద పోయేవాళ్లను అడగండి. వల ఇంజను పంకాకు చుట్టుకుంటే ఏం చేస్తారో, ఉప్పుగాలికి మడతచాకు కీలు ఎన్నాళ్లు తిరుగుతుందో వాళ్లు నాకంటే బాగా చెబుతారు.

ఆన్‌లైన్ కత్తుల దగ్గరికొస్తాను, ఎందుకంటే ఈ విషయంలో ఆ పాఠకుడు సగం కరెక్టు. మా బంధువుల అబ్బాయి ఒకటి తెప్పించాడు. ఎనిమిదంగుళాల అలుగు, మొత్తం నల్లరంగు, వెన్ను మీద రంపం పళ్లు, పిడి లోపల డొల్ల. ఆ డొల్లలో అగ్గిపుల్లలు, గాలం దారం, మూత మీద దిక్సూచి. దిక్సూచి ఎందుకు నాయనా, పొదలకూరు నుంచి నెల్లూరుకు దారి తప్పుతావా అన్నాను. కొబ్బరిబోండాం మీద రెండు దెబ్బలు వేసేసరికి పిడి ఊగిపోయింది. ఊగక ఏం చేస్తుంది? పిడి డొల్లగా ఉందంటే లోపలికి ఇనుము దిగలేదని అర్థం. అలుగును ఏదో ఒక చిన్న ముక్కతో తగిలించారు, అంతే. రంపం పళ్లతో పుల్ల కోస్తే ఇరుక్కుపోతుంది, తాడు కోస్తే పీచు లేస్తుంది, ఒరలోంచి తీసేటప్పుడు ఒరనే కోస్తుంది. అది ఫొటో దిగడానికి, పక్కవాణ్ణి భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. దాన్ని పిల్లలకు అమ్మకుండా ఆపండి, వయసు రుజువు అడగండి, నాకేం అభ్యంతరం లేదు. పైగా సంతోషం.

పనికొచ్చేది మన కొలిమిలోనే తయారవుతుంది. ఆటోనగర్‌లో పాత లారీల కమాను బద్దలు, అంటే స్ప్రింగు పట్టీలు, తుక్కు కింద దొరుకుతాయి. ఆ ఉక్కులో సిలికాను, మాంగనీసు కలిసి ఉంటాయి, కత్తికి బాగా పనికొస్తుంది. మా దగ్గర ఒకాయన ఇప్పటికీ తిత్తికి బదులు కరెంటు బ్లోయరు పెట్టుకుని కొలిమి నడుపుతున్నారు. రోజులో ఎక్కువ పని గేట్ల వెల్డింగే, కత్తి కావాలంటే పొద్దున్నే పోవాలి. నేను పీట వేసుకుని పక్కనే కూర్చుని చేయించుకుంటాను. ఆయనకు అది తెలుసు కాబట్టి విసుక్కోరు.

బద్ద ముక్కను కాల్చి దాగలి మీద సాగదీస్తారు. అలుగు ఆకారం వచ్చాక అసలు పని. మళ్లీ కాల్చి మధ్యమధ్యలో అయస్కాంతం దగ్గర పెడతారు. ఉక్కు 770 డిగ్రీల చుట్టుపక్కల వేడెక్కితే అయస్కాంతానికి అతుక్కోదు. అతుక్కోవడం మానేశాక ఇంకాస్త వేడి ఇచ్చి, ఒక్కసారిగా నూనెలో ముంచుతారు. ఇలాంటి ఉక్కును నీళ్లలో ముంచితే చాలాసార్లు పగులుతుంది, అందుకని నూనె. పొగ తగ్గాక అలుగు మీద ఆకురాయి, అంటే ఇనుము అరగదీసే ఫైలు, పెట్టి రుద్దుతారు. ఆకురాయి పట్టకుండా జారిపోతే ఉక్కు గట్టిపడిందని గుర్తు. కానీ ఆ స్థితిలో అది గాజులాంటిది, కింద పడితే విరుగుతుంది. కాబట్టి పైమసి తోమేసి, తెల్లగా మెరిసేటట్టు చేసి, వెన్ను వైపు నుంచి సన్నని సెగ పెడతారు. తెల్లటి ఉక్కు మీద రంగు పాకడం మొదలవుతుంది. ముందు లేత గడ్డిరంగు, తర్వాత ముదురు గడ్డిరంగు, ఇంకా ఉంచితే ఊదా, నీలం. వాదర గడ్డిరంగుకు రాగానే తీసేయాలి. నీలం దాకా పోతే అది మళ్లీ స్ప్రింగు అవుతుంది గానీ పదును నిలవదు. ఆ రంగు పాకే రెండు మూడు నిమిషాలు ఆయన ఎవరితోనూ మాట్లాడరు, ఫోను మోగినా ఎత్తరు.

పిడికి తుమ్మ చేవ. అలుగు ఇనుము పిడి చివరిదాకా సాగి ఉండాలి, రెండువైపులా చెక్క బిళ్లలు పెట్టి ఇత్తడి రివెట్లు దిగ్గొట్టాలి. పిడి ముందు భాగం కాస్త ఉబ్బుగా ఉండాలి, చెమట చెయ్యి వాదర మీదికి జారకుండా. ఇవి మాత్రం పట్టుబట్టి చేయించుకోండి. ఒర బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన కుట్టిచ్చారు. కత్తిని రాత్రంతా ఒరలోనే వదిలేయకూడదు, తోలు చెమ్మ పట్టి తుప్పు తెస్తుంది. నిమ్మరసం తగిలితే ఈ ఉక్కు వెంటనే నల్లబడుతుంది. నల్లబడితే పోయేదేం లేదు, కడిగి తుడిచి చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. పదును తగ్గితే సానరాయి మీద నీళ్లు పోసుకుని నేనే నూరుకుంటాను. మొద్దుకత్తితో బలం ఎక్కువ పెట్టాలి, జారితే గాయం పెద్దదవుతుంది. మా ఇంట్లో చేతులు కోసుకున్నవాళ్లందరూ కోసుకున్నది వంటింటి మొద్దుచాకుతోనే, ఆ పాఠకుడు క్షేమమని చెప్పిన ఆ వంటింట్లోనే.

బయట దేశాల సంగతి కూడా చెప్పాలి, అక్కడ ఇలాంటివి ఉండవని ఆ ఉత్తరంలో రాశారు కాబట్టి. మా చెల్లెలి కొడుకు స్వీడన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చేటప్పుడు నాకు అక్కడి మోరా అనే ఊరి కత్తి తెచ్చాడు, విమానంలో చెక్-ఇన్ సామాన్లలో పెట్టి. ఎర్రరంగు చెక్క పిడి, నాలుగంగుళాల అలుగు, ప్లాస్టిక్ ఒర. మా కమ్మరి ఆయన తిప్పితిప్పి చూసి, “మనదేనమ్మా, కాకపోతే మిషను మీద చేశారు” అన్నారు. 1891 నుంచి ఆ కంపెనీ కత్తులు చేస్తోందట. అక్కడ బళ్లో చేతిపనులు అందరికీ తప్పనిసరి పాఠం, పిల్లలకు టీచర్లే పుల్ల చెక్కడం నేర్పుతారు. అదే దేశంలో బహిరంగ స్థలాల్లో కత్తి పెట్టుకు తిరగడం నేరం కూడా. పని మీద పోయేవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. మనకూ అది చేతకాని పనేం కాదు.

మన చట్టం కూడా ఆ పాఠకుడు అనుకున్నంత గుడ్డిది కాదు. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఆయుధం అంటే ఏమిటో చెప్పినచోటే, కేవలం ఇంటికీ వ్యవసాయానికీ ఉద్దేశించిన వస్తువులు ఆ లెక్కలోకి రావని రాసి ఉంది. 2016 ఆయుధాల నియమాల షెడ్యూలులో కొలత కూడా ఉంది. అలుగు తొమ్మిదంగుళాల కంటే పొడవు గానీ, రెండంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులను అందులో చేర్చారు. అక్కడ కూడా ఇల్లు, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమల పనుల కోసం చేసినవాటిని మినహాయించారు. ఇవి నాకు నెల్లూరు కోర్టులో ప్రాక్టీసు చేసే మా మేనల్లుడు చూపించాడు. లైసెన్సు అక్కర్లేదు కదా అని రోడ్డు మీద ఝళిపించమని కాదు. ఎవరినైనా బెదిరిస్తే నాలుగంగుళాలైనా నేరమే. అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధమూ తీసుకుపోకూడదని వన్యప్రాణి చట్టం చెబుతోంది. అందుకే పెంచలకోన పోయేటప్పుడు, చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం కాబట్టి, నా కత్తి ఇంట్లోనే ఉంటుంది. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర అంత జనంలోకి పోయేటప్పుడూ అంతే. తోటకు, కొలిమికి, మార్కెట్టుకు తప్ప దాన్ని నేనెక్కడికీ తీసుకుపోను.

కానీ మార్కెట్టుకు పోయి వస్తుంటేనే ఒకసారి బస్టాండులో సంచులు వెతుకుతూ పోలీసులు నన్ను ఆపారు. ఏ ఊరి బస్టాండో, ఎవరో రాయను, ఆ మనిషిని ఇబ్బంది పెట్టడం నా ఉద్దేశం కాదు. “ఏందమ్మా ఇది? కత్తి పెట్టుకోని బస్సెక్కతావా?” అన్నారు. నిమ్మచెట్ల బంక గీకేది సార్ అన్నాను. “బంకకి కత్తెందుకమ్మా?” అని నవ్వి, అప్పటి నా కత్తిని ఒరతో సహా తీసుకున్నారు. సాయంత్రం స్టేషనుకు వచ్చి తీసుకోమన్నారు. పోతే అలాంటిదేదీ రాలేదన్నారు. చేతిలో కాగితం లేదు, ఎవరిని అడగను? ఆ రోజు నా ముందున్న ఆమె సంచిలో కూరగాయలు కోసే కత్తిపీట ఉంది. దాని అలుగు నా కత్తికి రెండింతలు. దాన్ని చూసి కూడా వదిలేశారు, వదిలేయడం సబబే. నా చేతిలో తోలు ఒర ఉండటమే నా తప్పయింది. ఒర ఉన్నది నా తొడ కోసుకోకుండా, పక్కవాళ్లకు గుచ్చుకోకుండా. గుడ్డలో చుట్టుకుని పోతే ఏమీ అనేవాళ్లు కాదేమో.

ఆ పాఠకుడు కోరిన చట్టం వస్తే రౌడీలు కత్తులు మానేస్తారని నేననుకోను, వాళ్లకు రొయ్యల చెరువు కాడ దొరికే ఇనుపరాడ్డు చాలు. నష్టపోయేది గొర్రెల కాపరి, పడవ మనిషి, నిమ్మరైతు, మా కమ్మరి ఆయన. కాబట్టి మీ పత్రిక ద్వారా పోలీసు అధికారులకు నేను కోరేది రెండే. సంచులు వెతికేవాళ్ల దగ్గర ఒక పన్నెండంగుళాల స్కేలు ఉంచండి. స్టేషనరీ షాపులో ఇరవై రూపాయలకు దొరుకుతుంది, కత్తి మీద పెట్టి కొలవడానికి నిమిషం కూడా పట్టదు. కొలిచాక కూడా అనుమానం ఉంటే తీసుకోండి, కానీ కొలత రాసి, సంతకం పెట్టి రసీదు ఇవ్వండి. ఆ రసీదు పట్టుకుని ఎన్నిసార్లు తిరగమన్నా తిరుగుతాను.

ఇట్లు,
ఒక నిమ్మరైతు,
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా.